కాటా చీటీ

చీమకుర్తి దాటాక రామతీర్థం రోడ్డులో
రేకుల గది, ఒక ఫ్యాను, ఒక కిటికీ.
కిటికీ బయట ఇనప కాటా.
రాయెత్తుకొచ్చిన లారీలన్నీ నా ముందు ఆగి
ఒళ్ళు చూపించుకుని పోతాయి.

"డ్రైవర్ దిగు!" అని అరుస్తాను.
మనిషి బరువు రాయి లెక్కలో కలవకూడదు.
ఖాజావలీ దిగి బీడీ ముట్టిస్తాడు,
ఎర్ర అంకెలు కాసేపు తడబడి నిలబడతాయి,
చీటీ వస్తుంది. అడుగున
ఆపరేటరు: అంకమ్మ.
పేరుకు తగ్గ ఉద్యోగమే.

వెనకాల వాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది.
పది టైర్ల మేడం.
నాకు తెలుసని వాళ్ళకి తెలీదు.
తెలిసినా నవ్వేదాన్నే.
లావుగా ఉండి నవ్వకపోతే పొగరంటారు.

షేరాటోలో ఇద్దరి చార్జీ ఇచ్చాను పదకొండేళ్ళు.
ప్లాస్టిక్ కుర్చీని కూర్చోబోయే ముందు
చేత్తో నొక్కి చూశాను,
సంతలో ఎద్దు మూపురం నొక్కినట్టు.
"కాస్త నోరు కట్టుకోవే" అంది మా అక్క శేషారత్నం,
అంటూనే ఇంకో గరిటె వేసింది.
తప్పు ఆమెది కాదు.
మా ఇంట్లో ప్రేమకి కొలపాత్ర గరిటే.

ఒంగోలు ఆస్పత్రిలో తూకం మిషను
నూట యాభై దగ్గర చేతులెత్తేసింది.
"రేపు పెద్దది తెప్పిస్తాం" అంది నర్సమ్మ, మొహం తిప్పుకుని.
రేపటిదాకా ఆగలేకపోయాను.
ఆ రాత్రి లారీలు సద్దుమణిగాక
చెప్పులు విడిచి
నా కాటా మీదికి నేనే ఎక్కాను.
దానికి పది కిలోల కింద లెక్క తెలీదు.
నూట అరవై, అంది.
డ్రైవర్ దిగు, అనుకున్నాను.
తలుపు ఏ పక్కనుందో కనపళ్ళేదు.

అయిదు కన్నాలు పెట్టి, కడుపు కోసి
అరటికాయంత మిగిల్చారు.
మిగతాది ఏం చేశారని అడిగాను.
డాక్టరు నవ్వాడు.
నేను నవ్వులాటకి అడగలేదు.
నలభై రెండేళ్ళు నాతో పాటు తిన్నది,
నాన్న పోయిన రాత్రి అదొక్కటే నాతో మేలుకుని
చట్టిలో చద్దన్నం అడుగంటా ఊడ్చింది,
దానికో చీటీ అయినా రాయొద్దా?

తర్వాత, దగ్గుమందు మూతతో నీళ్ళు.
గుక్కకీ గుక్కకీ మధ్య గోడ గడియారం.
పెసరకట్టు వడగట్టి, రాగిజావ వడగట్టి
అక్క నా ముందు కూర్చుని ఏడ్చింది,
గరిటె ఎక్కడ పెట్టాలో తెలీక.
ఆకలి వెయ్యదు. అదే భయం.
పొద్దున్నే లేస్తే ఇంట్లో ఎవరో లేనట్టుంటుంది.
మూడో నెల్లో మైసూర్‌పాక్, గోరంత ముక్క.
చెమటలు, గుండెదడ. నేల మీద పడుకుని
ఆగిన ఫ్యానుకి మూడే రెక్కలని
పదిసార్లు లెక్కపెట్టాను.

దువ్వెన నిండా జుట్టు.
చేతుల కింద చర్మం
రాయి దించాక లారీ మీద వదులైన పట్టా.
"ఏం జబ్బు చేసిందమ్మే?" అంటారు,
అప్పుడు "ఏం తింటావమ్మే?" అన్నవాళ్ళే.
కోయించుకుని తగ్గడం కూడా తగ్గడమేనా, అందొకావిడ.
ఈ ఊళ్ళో ఏదైనా కొయ్యకుండా బయటికొచ్చిందా, అనబోయి
ఊరుకున్నాను. నోట్లో అర ఇడ్లీ ఉంది.
దానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

ఖాజావలీ ఒక్కడే ఏమీ అడగలేదు.
కిటికీలో చెయ్యిపెట్టి చీటీ అందుకుంటూ
"మీ వెనకాల కేలండరు ఉందా మేడం?
ఇన్నాళ్ళూ చూళ్ళేదే" అన్నాడు.
తిరిగి చూశాను.
ఉంది. రెండేళ్ళ కిందటిది.

ఇవాళ తెల్లారుజామున మళ్ళీ ఎక్కాను.
నూట పది, అంది.
నూట ఏడో, నూట పద్నాలుగో, దానికి పట్టదు.
ఆ పట్టని కిలోల్లోనే ఎక్కడో
కుట్ల సలపరం, చట్టి అడుగు,
తలుపు సందులోంచి అక్క చూపు.
ప్రతి లారీకీ ఖాళీ బండి బరువు రాసి ఉంటుంది.
నాది ఎవరూ రాసిపెట్టలేదు.
నుంచున్నాను, అంకె నిలబడిందాకా.

వెనక హారను. ఒకటి, రెండు.
ఆగవయ్యా,
బండి ఇంకా కాటా మీదే ఉంది.