కూలర్ బంద్

సిరొంచల నాది కూలర్ల దుకాణం.
హోలీ దాటంగనే సీజన్.
పంపులు, మోటర్లు, గడ్డి మెత్తలు, ఫోన్ మీద ఫోన్.
ఇరవై ఏండ్ల సంది ఈ ఊరికి చల్లగాలి అమ్మి బతికినోణ్ణి,
ఈ ఏడు గిరాకికల్లా ఒకటే మాట చెప్తున్న:
పొగ ఉన్నపొద్దు కూలర్ బంద్ పెట్టు.

కూలర్‌కు నోరు పెద్దది, తెలివి లేదు.
బయట ఏదుంటే అది మింగుతది.
అంకీస దిక్కు అడవి అంటుకున్న రాత్రి
కిటికీల కూసోని ఊదుతనే ఉన్నది,
పొగను తడిపి, చల్లజేసి,
నా బిడ్డ మొఖం మీదికి.

తెల్లారేసరికి సారిక ఛాతిల పిల్లికూతలు.
మేశ్రాం డాక్టర్ చెవులల్ల గొట్టాలు తీసి
మరాఠీల అడిగిండు:
ఇంట్ల బీడీ ఎవరు తాగుతరు?
ఎవరూ తాగరు సార్.
అడవే తాగుతున్నది.

చంద్రపూర్ పోయి మిషిన్ తెచ్చిన,
గాలి వడగట్టేది.
ఆలాపల్లి మలుపులల్ల బస్సు ఊగినప్పుడల్లా
చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒడిల పట్టుకున్న.
ధర చెప్తే నా ఇంటిది
అన్నం ముద్ద నోటిదాక తెచ్చి ఆపింది.
"దీంట్ల నీళ్ళు పొయ్యరు, చల్లగాలి రాదు,
మరేమొస్తది?"
ఏం రాదు.
అందుకే కొన్న.

ఒక్క అర్రను మాత్రం కాపాడుకున్నం.
తలుపు కింద తడి తువ్వాల,
కిటికీ సందులకు దుకాణంల మిగిలిన టేపు.
ఊదుబత్తి వద్దు, దోమల చుట్ట వద్దు,
పోపు వేస్తే ముందు తలుపు మూసుడు.
బయట నలభై మూడు డిగ్రీలు.
చెమటలు గారుకుంట ముగ్గురం మిషిన్ చుట్టూ,
దాని ఎర్ర దీపం పచ్చగయ్యేదాక
వాన మబ్బును చూసినట్టు చూసుడు.

నడిరాత్రి కరెంటు పోయింది.
పాత ఇన్వర్టర్, పంకనన్న మొయ్యాలె, మిషినన్న మొయ్యాలె.
సారిక ఊపిరి విన్న కాసేపు.
పంక బంద్ జేసిన.

పక్కింటి తలండి బుచ్చక్క
తెల్లారగట్ల మూడింటికే ఇప్పపువ్వుకు పోతది.
ఎండుటాకులల్ల రాలిన పువ్వు కనవడదు,
అందుకే చెట్టు కింద అగ్గి పెడతరు.
అందరికీ ఎరుకే. ఎవరూ నోరిప్పరు.
నేనెట్ల ఇప్పుత?
పోయినేడు ఆమెకు కూలర్ అమ్మింది నేనే, కిస్తుల మీద.
ప్రతి కిస్తు నోటుకు ఇప్ప వాసన.

ఆ రాత్రే దగ్గుకుంట వచ్చి తలుపు కొట్టింది.
లోపల అడుగు పెట్టిందో లేదో
పచ్చగున్న దీపం ఎర్రగ తిరిగింది.
ఆమె కొంగుల అంత అడవి ఉన్నది.
నా ఇంటిది నన్ను చూసింది.
నేను దీపాన్ని చూసిన.
సారిక జరిగి చాప మీద జాగ ఇచ్చింది.
"నన్ను జూసి కోపమొచ్చింది దీనికి" అన్నది ముసలామె,
నవ్వబోయి మళ్ళ దగ్గింది.
ఎవరం ఏమనలె.
మిషిన్ ఒక్కటే గుర్రుమనుకుంట పనిచేసింది,
ఇద్దరికీ.

పున్నమి పోయినంక వెనక మూత విప్పిన.
తెల్లగ వచ్చిన ఫిల్టర్
తారు రోడ్డు రంగుకు తిరిగింది.
కడగొద్దని దాని మీదనే రాసి ఉన్నది.
వేలు పెట్టి తీసిన. మెత్తగ, కాటుక లెక్క.
ఇందుల టేకాకు ఉంటది, తునికాకు ఉంటది,
ఏదన్న పిట్ట గూడు ఉన్నా ఉంటది.
ఇయ్యి సారిక లోపలికి పోవాల్సినయి.
కొత్త ఫిల్టర్ పద్దెనిమిది వందలు,
అంటే ఐదు మోటర్లు చుట్టిన మజూరి.

నల్ల ఫిల్టర్ గడప మీద పెట్టి బుచ్చక్కను పిలిచిన.
తిట్టాలనే పిలిచిన.
ఆమె వంగి చూసింది, వాసన చూసింది,
చాలాసేపు తన అరచేయి చూసుకున్నది.
"పాత దోమతెర ఉంటే ఇయ్యి" అన్నది.
"చెట్టు కింద పరుస్త.
పువ్వు దాని మీదనే రాలుతది,
అగ్గి పెట్టే పని లేదు."

దోమతెర చిన్నది.
దుకాణంల ఆకుపచ్చ జాలి చుట్ట ఒకటున్నది,
ఎండకు కూలర్ల మీద కట్టేది.
విప్పి, అడుగులతోని కొలిచిన.
గుంజి పరిస్తే రెండు చెట్లకు వస్తది.

ఆమెకు పదకొండు చెట్లు.