చుక్కకు బదులు సున్నా

డులూత్‌లో ఫిబ్రవరి. సరస్సు గడ్డకట్టి
ఇనుపరాయి మోసే ఓడలు రేవులో కదలక పడున్నాయి.
రేడియేటరు దగ్గుతున్న క్లాసులో
ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ తెల్లకార్డులు పంచింది.
"దేనికి భయమో రాయండి. పేరు వద్దు."

ఇరవై ముగ్గురం.
నా లెక్కలో ఎప్పుడూ ఇరవై రెండు, ఒకటి.

పల్చటి మంచు, అని రాశాను.
అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

కార్డులన్నీ తన ఉన్ని టోపీలో వేసి కలిపిందామె.
తలా ఒకటి తీసి పైకి చదవాలి.
సాలీళ్ళు.
చదువు అప్పు.
అర్ధరాత్రి మెట్లమీద నాన్న అడుగుల చప్పుడు.
అది చదివినవాడు కూర్చోవడం మర్చిపోయాడు.

నా వంతు.
గుండ్రటి అక్షరాలు, నీలి సిరా,
ప్రతి ఐ మీదా చుక్కకు బదులు చిన్న సున్నా:
"వెనక బల్ల దగ్గరి పొడుగాటి అబ్బాయి.
తప్పని తెలుసు. అయినా."

వెనక బల్ల నాదే.
ఆ గదిలో ఆరడుగుల నాలుగంగుళాలూ నావే.

"కుక్కలు," అని చదివాను.
ఎవరో నవ్వారు. కార్డు జేబులో పెట్టుకున్నాను.

ఎందుకు కాపాడానో ఇప్పటికీ తెలీదు.
ఆమెనా, నన్నా, ఆ గదిలోని వెచ్చదనాన్నా?

మా అమ్మ వెర్నెట్ మిల్వాకీలో రాత్రి డ్యూటీ నర్సు.
పన్నెండో ఏట నన్ను వంటగదిలో కూర్చోబెట్టి చెప్పింది:
షాపులో జేబులో చేతులు పెట్టకు. రసీదు పారేయకు.
పోలీసు ఆపితే వేళ్ళు పదీ స్టీరింగు మీద కనబడాలి.
"నువ్వు తలుపు తీసేలోపే, లెమాంట్,
నీ గురించిన కథ లోపలికెళ్ళి కూర్చునుంటుంది.
నువ్వు దాని పక్కన చోటు చూసుకోవాలి."

చూసుకుంటూనే ఉన్నాను.
లైబ్రరీలో కెమిస్ట్రీ పుస్తకం అట్ట
గుర్తింపుకార్డులా పైకి పెడతాను.
రాత్రి ఫుట్‌పాత్ మీద ముందెవరైనా ఒంటరిగా నడుస్తుంటే
వాళ్ళు మలుపు తిరిగేదాకా
సున్నాకు ఇరవై డిగ్రీల కింద
కట్టే ఉన్న బూటు లేసు మళ్ళీ కట్టుకుంటాను.

కానీ ఒకటి చెప్పాలి. ఇది ఏ కార్డు మీదా రాయలేదు.
పోయిన క్రిస్మస్‌కి అమ్మ కారు నడుపుతూ
మా మామ ఉండే వీధిలోనే, ఎర్రలైటు దగ్గర,
మసక చీకట్లో తలమీద ముసుగుతో ఒకడు కారువైపు వచ్చాడు.
నాకు తెలిసేలోపే నా వేలు బొత్తాం నొక్కింది.
టక్.
నాలుగు తలుపులూ ఒకేసారి.

అద్దం దగ్గరికి వంగాడు. జావియన్. మా అత్త కొడుకు.
చేతుల్లో రేకుకాగితం కప్పిన మాకరోనీ గిన్నె.
ఆ చప్పుడు విన్నాడు.
వినలేదన్నట్టు ముఖం పెట్టాడు. ఆ ముఖం నాకు తెలుసు,
రోజూ అద్దంలో సవరించుకునేది అదే.
"తలుపు తీయరా, చల్లారిపోతోంది," అన్నాడు.

నా వేలికి ఆ పాఠం ఎవరు చెప్పారు?
పది గంటల వార్తలా, పక్కింటి కెమెరాలా,
నన్ను చూసి బ్యాగు ఇటునుంచి అటు మార్చుకున్న
చేతులన్నీ కలిసి నేర్పాయా?
తప్పని తెలుసు నాకూ.
అయినా.
ఆ ఒక్క మాటలో ఈ దేశం మొత్తం కాపురముంటోంది.

ఏప్రిల్. మంచు విరిగింది. మొదటి ఓడ కూత వేసింది.
ల్యాబులో మారెన్ తన నోట్సు ఇచ్చింది, నేను రాని రోజువి.
మొదటి పేజీ నుంచీ
సున్నా, సున్నా, సున్నా.
తలెత్తకుండా అడిగింది:
"నీకు నిజంగా కుక్కలంటే భయమా?"

అప్పుడు తట్టింది. ఆ రోజు ఆమె చివరిదాకా ఎదురుచూసి ఉంటుంది,
ఇరవై మూడు భయాల్లో తనది రాలేదని తెలిసి ఉంటుంది.
రెండు నెలలు.

"లేదు," అన్నాను.
లేసు కట్టుకోవడానికి వంగబోయాను.
కట్టే ఉంది.