ఏప్రిల్ ఇరవై మూడు, బుధవారం

మొదటి వారం ఇంట్లో కూడా బడిగొంతే.
"పక్కనే ఉన్నాను కదా, ఎందుకలా అరుస్తావు?" అన్నాడు మా ఆయన.
కిరాణా చీటీలో
కందిపప్పుకీ చింతపండుకీ ఎర్రసిరాతో టిక్కులు.

రెండో వారానికి గొంతు దిగింది.
తర్వాత జీడిపిక్కలు కాల్చిన వాసన, మధ్యాహ్నపు నిద్ర,
తొమ్మిదైనా ఎక్కడా గంట కొట్టని పొద్దులు.
జూన్ వచ్చాక మాత్రం
కలలో రోజూ తాళంచెవి పోయేది.

పన్నెండో తారీఖు. కాశీబుగ్గలో తొలి బస్సు.
బడి తాళం తుప్పు పట్టింది,
కొబ్బరినూనె చుక్క వేసి తిప్పాను.
లోపల గబ్బిలాల రెట్ట, ఎవరిదో ఒంటి చెప్పు.
నల్లబల్ల మీద నా చేతిరాతే:
ఏప్రిల్ ఇరవై మూడు, బుధవారం. హాజరు పంతొమ్మిది.
ఆ గదిలో ఆ రోజు ఇంకా అయిపోలేదు.

వచ్చారు.
పొడుగైనవాళ్లు, పళ్లు ఊడినవాళ్లు,
జీడిసొన తగిలి అరచేతులు నల్లబడ్డవాళ్లు.
"నానెవుల్నో సెప్పండి మేడమ్!"
గుండుతో నీలవేణి.

పేర్లు పిలిచాను.
తామాడ ఢిల్లేశ్వర్రావు.
మళ్లీ పిలిచాను.
"ఆడు మదరాసెల్లిపోనాడు మేడమ్, ఆలమ్మతోటి.
అక్కడ ఇల్లు కడతన్నారు."
ఎవరి ఇల్లని నేను అడగలేదు.
రిజిస్టర్లో అతని గడి
పెన్సిలుతో నింపాను.

బల్ల తుడవబోతే నలభైతొమ్మిది రోజుల సుద్ద
బండబారి, సగమే పోయింది.
'వారం' అలాగే ఉంచి
'బుధ' మీద తడిగుడ్డ రుద్ది
'గురు' అని రాశాను.
కింద 'బుధ' ఇంకా కనబడుతూనే ఉంది.

"మేడమ్, అరవకండి, ఇక్కడే ఉన్నాం"
అంది ముందు వరస.