లోపలికి పీల్చే లీకు

రాత్రి పదకొండున్నరకు ఫోను.
"అన్నా, ఎర్రలైటు మళ్లా వచ్చింది."
చెంగల్రాయుడి గొంతు వెనకాల
బెల్టు మీద తోతాపురి కాయలు దొర్లుతున్న చప్పుడు.

పూతలపట్టు రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ.
గేటు బయట ట్రాక్టర్ల వరస,
టోకెను చీటీ జేబులో పెట్టుకుని
కాయల మీదే నిద్రపోతున్న రైతులు.
లోపల టెంకల గుట్ట, పులిసిన వాసన.
గుట్ట ముందర బకెట్టు నేలకు ఆనించి
మోకాళ్ల మీద గడ్డం పెట్టుకున్న మనిషిలా
చిన్న లోడరు.

మేనేజరు సుకుమారన్ సంచీ కూడా దించనియ్యలేదు.
"ఆ లైటు వైరు కత్తిరించెయ్యప్పా,
సీజను అయినాక చూసుకుందాం."

లైటు అబద్ధం చెప్పడం నాకూ తెలుసు.
బంగారుపాళ్యంలో ఎలుక కొరికిన తీగకు
రెండు రోజులు పంపంతా విప్పుకుని కూర్చున్నోణ్ణి నేనే.
అందుకే లైటును అడగను, గేజిని అడుగుతాను.

ఆయిలు మట్టం సరిగ్గానే ఉంది.
ఫిల్టరు విప్పి కోసినాను.
మడతల్లో ఇత్తడి మెరుపు లేదు,
అంటే పంపు ఇంకా తన్ను తాను తినడం మొదలుపెట్టలేదు.
కొత్తది వేసి, టెస్టు పోర్టుకు గేజి బిగించి
స్టార్టు చెయ్యమన్నాను.
ఇరవై రెండు.
"బాగుంది కదా!" అన్నాడు సుకుమారన్.
చల్లగా ఉన్నప్పుడు అందరూ బాగుంటారు సార్.

అరగంట టెంకలు ఎత్తించినాను.
పద్దెనిమిది.
పదిహేను. ముల్లుకు వణుకు.
పదకొండు.
లైటు.

రిలీఫ్ వాల్వు తీసి చూస్తే
స్ప్రింగు విరగలేదు, సీటు మీద గీత లేదు.
ఇంక పంపే, అంటోంది నా నడుము నొప్పి.
పంపంటే చెన్నై నుంచి రావాల,
నాలుగు రోజులు, లక్షన్నర పైన.
అలసట చెప్పే రోగాన్ని నమ్మొద్దురా అనేవాడు
కాట్పాడి షెడ్డులో మా ఏకాంబరం మేస్త్రీ.
మళ్లీ డిప్‌స్టిక్కు తీసినాను.
ఆయిలు మీద నురుగు,
పొంగబోయే పాల అంచులా.

కింద అట్టముక్క పరిచి చూస్తే ఒక్క చుక్క లేదు.
బయటికి కారే లీకు మరక పెట్టి పట్టిస్తుంది.
ట్యాంకు నుంచి పంపుకు పోయే గొట్టంలో
ఒత్తిడి ఉండదు, దాహం ఉంటుంది.
అక్కడ చీలిక పడితే కారదు,
గాలిని తాగుతుంది.

మోచెయ్యి కాలుతున్నా చెయ్యి దూర్చి
రెండు వేళ్ల గ్రీజు
క్లాంపు చుట్టూ మెత్తినాను.
ఏదో ఈల ఆగింది.
అది ఈల అని అప్పుడే తెలిసింది,
అప్పటిదాకా ఇంజను గొంతే అనుకున్నా.
గ్రీజు మీద చిన్న సొట్ట పడింది.
ముల్లు లేచింది, పద్నాలుగు, పంతొమ్మిది,
సొట్ట బొక్కయింది,
మళ్లీ ఈల.

"ఈ సద్దు ఎన్నాళ్ల నుంచి?"
చెంగల్రాయుడు టెంకల వైపు చూసినాడు.
"ఆరు రోజులన్నా."
"చెప్పలేదే?"
"పోయిన తూరి చెప్తే, నువ్వే చెడగొట్టినావని
రెండు రోజుల జీతం పట్టుకున్నారు."
సుకుమారన్ ఫోను చూసుకుంటున్నాడు.

గిరింపేటలో హోసుల కొట్టు నౌషాద్‌ను లేపి
మూడడుగుల గొట్టం, రెండు క్లాంపులు తెచ్చేసరికి
తెల్లవారుజాము మూడున్నర.
పాతదాన్ని టార్చి ముందర వంచితే కనబడింది
గోరంత చీలిక,
నిటారుగా పెడితే లేదు.

వేడెక్కినాక ఇరవై ఒకటి.
గంటసేపు చూసినాను, ముల్లు కదల్లేదు.

బిల్లులో కారణం అనే గడి దగ్గర
పెన్ను కాసేపు నిలబడింది.
సక్షన్ హోసు చీలిక అని రాసి,
కింద ఇంకో లైను:
ఆపరేటరు ముందే పసిగట్టినాడు.

సుకుమారన్ సంతకం పెట్టినాడు,
చదివో, చదవకనో.

చెంగల్రాయుడు అప్పటికే సీట్లో ఉన్నాడు,
తల కొంచెం పక్కకు వంచి,
వింటా.