తొట్లకు నీళ్లు పోసేవాణ్ణి

మంగళ, శుక్రవారాలు నా వంతు.
బ్రిస్టల్‌లో టాన్‌యార్డ్ రోడ్డు మొదట్లో
కార్లకు అడ్డంగా పెట్టిన నాలుగు చెక్క తొట్లకు
నీళ్లు పోసి రావడం నా ఉద్యోగం.
లావెండర్ నాటమంది కౌన్సిల్.
ఎవరు పాతారో, మధ్యలో ఉల్లికాడలు కూడా లేచాయి.
పీకమని ఎవరూ చెప్పలేదు, నేను పీకలేదు.

ఏప్రిల్లో ఒక తొట్టిలో డీజిల్ పోశారు.
పిడికెడు మట్టి తీసి వాసన చూశాను.
ఆ పూట అన్నీ అదే రుచి.

వీధి వాళ్లకు నేను కౌన్సిల్ మనిషిని,
కౌన్సిల్‌కు నేను నీళ్ల బండిని.
అందుకే కాబోలు
రెండు పక్షాల వాళ్లూ నాతోనే మాట్లాడతారు.

పదకొండో నంబరు హాలెట్ గారంటుంది:
"నలభై ఏళ్లు నా పడకగదిలోంచే పోయాయయ్యా లారీలు.
మొన్న రాత్రి గోడ గడియారం చప్పుడు విన్నాను.
అది ఎప్పుడో ఆగిపోయిందనుకున్నా."

టాక్సీ తోలే వర్సమే కిటికీ దింపుతాడు:
"నా ఇల్లు అదిగో, నీలం తలుపు.
ఇక్కణ్ణించి ఉమ్మేస్తే పడుతుంది.
చేరాలంటే పందొమ్మిది నిమిషాలు.
మీటరు వేద్దామంటే
ఎక్కిందీ నేనే, తోలేదీ నేనే."

ఇంటింటికీ పోయి ముసలివాళ్లకు స్నానం చేయించే బ్రొన్యా
ఏమీ అనదు.
దారి మరిచి వచ్చి, తొట్లు చూసి,
ముందుకూ వెనక్కూ మూడుసార్లు తిప్పుకుని వెళ్లిపోతుంది.
అవతల ఎవరో తడి ఒంటితో కూర్చుని ఉంటారు.
నేను గొట్టం పక్కకు జరిపి పట్టుకుంటాను.
చేయగలిగింది అంతే.

చర్చి హాల్లో సభ పెట్టారు.
కుర్చీలు చాల్లేదు.
"రోడ్డేమైనా మీ అబ్బ సొమ్మా?" అని ఒకడు లేస్తే
"గాలి మీ అబ్బ సొమ్మా?" అని ఇంకొకడు.
ఇద్దరి అబ్బలూ ఆ పక్క శ్మశానంలోనే ఉన్నారు.
ప్లానింగ్ కుర్రాడు గోడ మీద గీతలు చూపించాడు.
టాన్‌యార్డ్ రోడ్డులో కార్లు సగానికి సగం తగ్గాయట.
చప్పట్లు సగం, ఈలలు సగం.

అప్పుడు క్వారీ రోడ్డు ఓడెట్ లేచింది,
బేకరీ నుంచి తిన్నగా వచ్చిందేమో, మోచేతులకు పిండి.
సంచిలోంచి తెల్లగుడ్డ తీసి మడత విప్పింది.
"ఇవాళ పొద్దున మా కిటికీ గట్టు తుడిచాను.
ఆ తగ్గిన సగం ఎటు పోయిందని ఒక్కరూ అడగరేం?
మాదీ వీధేనండీ.
మీ పటంలో మాత్రం సరిహద్దట."

గుడ్డ మీద మసి.
టీ కాగే డ్రమ్ము ఒక్కటే బుసకొడుతోంది.
హాలెట్ గారు ఆ గుడ్డనే చూస్తూ ఉండిపోయింది.
అలాంటివి ఆవిడ నలభై ఏళ్లు ఉతికి ఉంటుంది.

తీర్పు రాలేదు. ఆరు నెలలు పొడిగించారు.
"పరిశీలనలో ఉంది" అని బోర్డు పెట్టారు,
దాని చుట్టూ తిరగడానికి నేను గొట్టం ఇంకో గజం లాగాలి.

వర్సమే ఇంకా తిడుతూనే ఉన్నాడు.
తిడుతూనే, సాయంత్రం కారు దూరంగా ఆపి,
తొట్ల వెనక ఖాళీ రోడ్డులో
కూతురి సైకిల్ సీటు పట్టుకుని పరిగెడుతున్నాడు.
నన్ను చూసి వేలెత్తాడు:
"దీన్ని బట్టి ఏమీ అనుకోకు."

ఒక శుక్రవారం క్వారీ రోడ్డు బస్‌స్టాపులో హాలెట్ గారు కనిపించింది.
ఒళ్లో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు.
నాలుగు నిలువు గీతలు, వాటిని కొడుతూ ఒక అడ్డ గీత.
మళ్లీ నాలుగు.
"బస్సు కోసమా?" అన్నాను.
"లారీలు" అంది. "మాట్లాడించకు, లెక్క తప్పుతుంది."

బండి ముందుకు పోనిచ్చాను.
ట్యాంకులో ఇంకా నీళ్లున్నాయి,
ఈ రోడ్డులో పోయడానికి మొక్క లేదు.
నలభై ఆరో నంబరు ముందు ఆపి, తాళం తీసి,
మేడ మీదికెళ్లి కిటికీ మూసుకున్నాను.
నేనుండేది ఇక్కడే.
ఎవరూ అడగలేదు.