ఎనిమిది లీటర్ల గాలి

ముప్పై ఒక్క ఏళ్ళు
కాగితపు శంకువులకు రబ్బరు అంచులు అతికించాను.
రోజుకు నాలుగొందలు,
క్రిస్మస్ ముందు అయిదొందల దాకా.
నా వేళ్ళ మీదుగా వెళ్ళిన గొంతులు
ఏ ఊళ్ళో ఎవరింట్లో పలికాయో తెలీదు.
పరీక్షించే గదికి మందపాటి అద్దం తలుపు.
మాకు కనిపించేది వణుకు మాత్రమే.

యూట్‌లాండ్‌లో మా ఫ్యాక్టరీ మూసిన రోజు
యుట్టె తన కాఫీ కప్పు సంచిలో వేసుకుంది.
నేను నాలుగు స్పీకర్లు వేసుకున్నాను:
అయిదంగుళాలవి రెండు,
పట్టుగుడ్డ బుడిపెలవి రెండు.
ఫోర్‌మన్ చూశాడు,
కిటికీలోంచి వానను చూసినట్టు.

తొమ్మిదేళ్ళు అవి దుప్పట్ల మధ్య పడుకున్నాయి.

ఈ చలికాలం
పడమటి గాలి కొట్టం తలుపును తన్నుతుంటే
బర్చ్ ప్లైవుడ్ కొని తెచ్చాను.
పెట్టె అంటే ఏముంది, ఆరు పలకలు, అనుకునేదాన్ని.
కాదు. పెట్టె అంటే లోపల కట్టేసిన గాలి.
ఎనిమిది లీటర్లు ఉండాలి.
తగ్గితే గొంతు పట్టేస్తుంది,
పెరిగితే తాగినవాడిలా వాగుతుంది.
కాగితం మీద లెక్క కుదిరింది.
కాగితాన్ని నేను అంత తేలిగ్గా నమ్మను,
బతుకంతా దానికి జిగురు రాసినదాన్ని.
వంటింటి కొలపాత్రతో ఓట్స్ పోసి చూశాను.
ఒకదాంట్లో సరిగ్గా ఎనిమిది,
రెండోదాంట్లో గుప్పెడు తక్కువ.
ఆ గుప్పెడు కోసం లోపలి బద్దను
రెండు రాత్రులు గీకాను.
వారం పాటు పొద్దుటి జావలో
రంపపు పొట్టు పంటికింద తగిలింది.

గొర్రె బొచ్చు పక్క పొలం స్వెన్నింగ్ ఇచ్చాడు.
"దేనికి?"
"పెట్టెలో మోత పడుకోడానికి."
ఇంకేం అడగలేదు.
మా వైపు మనుషులు
రెండో ప్రశ్నను పై ఏటికి దాచుకుంటారు.

రాగి తీగ, రెండొందల పదకొండు చుట్లు.
నూట నలభై దగ్గర ఫోన్ మోగింది.
మళ్ళీ ఒకటి నుంచి.
లావు స్వరాలు ఇటు, సన్నవి అటు,
చేనుకు మడవ తిప్పినట్టు.

ఆదివారం సాయంత్రం
అల్మరాలో, అట్లాసుకు ఒక పక్కా
విత్తనాల కేటలాగులకు ఒక పక్కా కూర్చోబెట్టి
రేడియో తగిలించాను.
సముద్రం మీది వాతావరణం చెప్పే ఆవిడ.
ఇరవై ఏళ్ళుగా ఎరిగిన గొంతు.
మాట వస్తోంది, మనిషి లేదు.
చెవుల వెనక ఎక్కడో, పొగలా.
అడుగు స్వరం అసలే లేదు,
ఎవరో కాళ్ళ కింద చాప లాగేసినట్టు.
ముప్పై ఒక్క ఏళ్ళూ ఇందుకా, అనుకుని
దీపం ఆర్పేశాను.

మూడింటికి మెలకువ.
ఎర్రచుక్క.
ఏ కొనకు ఏ తీగో చెప్పే ఎర్రచుక్క
పెట్టే బల్ల యుట్టెది.
చేయి ఆగకపోయేది, నోరూ ఆగకపోయేది.

టార్చిలోంచి బ్యాటరీ పీకి
ఒక్కో స్పీకరుకూ తాకించి చూశాను.
ఒకటి ముందుకొచ్చింది.
రెండోది వెనక్కి తగ్గింది.
ఒకే ఇంట్లో కాపురం,
ఒకరు గాలిని తోస్తుంటే
ఇంకొకరు మింగేస్తున్నారు.

తెల్లారాక ఫోన్ చేశాను.
"యుట్టె, నీ చుక్క ఒకటి తప్పింది."
"ఒకటేనా?" అంది.
"నేను వందైనా ఉంటాయనుకున్నాను."

రెండు తీగలు. అటుది ఇటు, ఇటుది అటు.
టంకం ఇంకా పొగలు కక్కుతుండగానే
మధ్యాహ్నపు వార్తల తర్వాత ఆవిడ వచ్చింది.
వచ్చింది అంటే, వచ్చింది.
రెండు పెట్టెల నడుమ, ఏమీ లేని చోట,
అట్లాసు ముందు నిలబడింది.
నా కుర్చీ ఆవిడ కాళ్ళకు అడ్డమని
వెనక్కి జరుపుకున్నాను.

స్కాగెరాక్, నైరుతి గాలి, జల్లులు.
ఎడమ పెట్టె మూల ఎక్కడో
ఇంకా సన్నగా జుమ్మంటోంది, రేపు చూడాలి.
అప్పుడు ఆవిడ పేజీ తిప్పింది.
ఇరవై ఏళ్ళలో నాకు తెలీదు,
ఆ సముద్రాలన్నీ ఆవిడ
కాగితం చూసి చదువుతుందని.