బల్ల చుట్టూ ఎవరు

ఏ ఆట బాగుంటుందని అడుగుతారు అందరూ.
బల్ల చుట్టూ ఎవరెవరు కూర్చుంటారని
నేను ఎదురడుగుతాను.

కయాని ఊరి గ్రంథాలయం, రెండో అంతస్తు.
మధ్యాహ్నం రెండున్నరకే కిటికీ నల్లబడుతుంది.
రేడియేటర్ మీద ఎవరివో చేతితొడుగులు ఆరుతుంటాయి.
పుస్తకాల వరసలు అయిపోయిన చోట నా అల్మరాలు,
నూట నలభై పెట్టెలు.
మూలలు చిరిగినవాటికి నేనే గుడ్డ అంటించాను.

సైమి మనవరాలికి వైకుంఠపాళి ఇవ్వను.
పాము మింగిన ప్రతిసారీ ఆ పిల్ల
కోటు తొడుక్కుని గుమ్మం బయట మంచులో నిలబడుతుందట.
మూతల కింద ఎలుకలు దాక్కునే ఆట తీసుకెళ్ళు సైమీ,
ఏ మూత కింద ఏముందో గుర్తుంచుకోవాలంతే.
అందులో చిన్నవాళ్ళే గెలుస్తారు.
మన జ్ఞాపకం మీద ఎప్పుడూ
ఏదో ఒక కరెంటు బిల్లు పరిచి ఉంటుంది.

రాత్రి డ్యూటీ దిగిన నర్సులు నలుగురికి
పావుగంటలో తేలిపోయేది, రూల్సు ఒక్క పేజీ.

కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకి దాడి ఆట.
తొమ్మిదేసి కాయలు, ఒకదానిలో ఒకటి మూడు చదరాలు.
ఒకరి కాయ ఒకరు ఎత్తుకుపోవడం
ఇప్పుడే అలవాటు చేసుకోండి అంటాను.
నవ్వుతారు. కొందరు మరీ ఎక్కువ నవ్వుతారు.

తొండి ఆడే తాతలుంటే ఇసుక గడియారం ఉన్న పెట్టె వద్దు.
దాన్ని మెల్లగా పక్కకి పడుకోబెడతారు.

భూములు కొని అద్దెలు గుంజే ఆట
కింది అరలో, వెనకాల ఉంది.
అడిగితే ఇస్తాను, అడక్కపోతే గుర్తు చెయ్యను.
మా అన్న తాయిస్తో మూడో హోటల్ కట్టిన రాత్రి
అమ్మ బల్లనే ఎత్తి కుదేసింది.
బుల్లి ఎర్ర ఇల్లొకటి
ఇప్పటికీ పియానో కింద ఉంది, అద్దె లేకుండా.

నవంబరులో ఓయివా వచ్చాడు.
వీధుల్లో మంచు తోసే బండి నడుపుతాడు.
టోపీ తియ్యలేదు.
ఎవరెవరు అన్నాను.
"నేనూ, మా తమ్ముడూ."
కాసేపాగి, "ఆరేళ్ళయింది" అన్నాడు.
నాన్న పడవ అమ్మిన దగ్గర మాట తెగిందట.
ఈ ఊళ్ళో ఇంతకన్నా ఎవరూ చెప్పరు,
నేనూ ఇంతకన్నా అడగను.

చదరంగం పక్కకి జరిపాను.
పాచికలవీ, పందేలవీ జరిపాను.
ఎదురెదురు కూర్చునేవన్నీ జరిపేస్తే
గోడ వైపున ఒకటి మిగిలింది.
తుఫాను, దీపస్తంభం, ఐదు చెక్క పడవలు.
ఇద్దరూ ఒకే పక్క.
దీపంలో నూనె తరుగుతుంటుంది.
నీ చేతిలో ఏముందో చూపించకూడదు,
అతనికేం కావాలో నువ్వే ఊహించాలి.
ఒడ్డు చేరితే ఇద్దరూ, మునిగితే ఇద్దరూ.

"మాట్లాడాలా?"
"మాట్లాడకూడదు. అదే రూలు."

అప్పుడు తీశాడు టోపీ.

రెండు వారాల పెట్టె ఏడు వారాలకి వచ్చింది.
జరిమానా చిల్లర ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.
ఎలా ఉందంటే, కష్టమన్నాడు.
పదకొండుసార్లు మునిగారట.
పన్నెండో సంగతి చెప్పలేదు.

మూత తీసి లెక్క చూశాను.
నీలం పడవ లేదు.
దాని గుంటలో నాలుగు కన్నాల కోటు గుండీ.
"కుక్క మింగింది" అన్నాడు నేలని చూస్తూ,
"తమ్ముడి కుక్క."
అంటే వాళ్ళింటికి వెళ్ళాడన్నమాట.
"గుండీ?"
"వాడి కోటుదే. వాడే తెంపి ఇచ్చాడు."

పెట్టె నా చేతికిచ్చి
చెయ్యి వెనక్కి తీసుకోలేదు.
ఇంకో రెండు వారాలు ఉంచుకోవచ్చా అన్నాడు.

ముక్కలన్నీ ఉన్నాయా అని కార్డు మీద ఒక గడి ఉంటుంది.
పెన్ను ఒక్క క్షణం ఆగింది.
ఉన్నాయని టిక్కు పెట్టి
రూల్సు కాగితం అడుగున, పెన్సిలుతో,
తర్వాత ఆడేవాళ్ళ కోసం రాశాను:
గుండీ కూడా పడవే.